కనపడని ఆరు హైడ్రోజన్లు

"లాగ్‌లో లేదు కాబట్టి అది జరగలేదు" అనే వాదన మన ఫీల్డులో రోజూ వినేదే. లాగ్‌లో లేకపోవడం వేరు, అసలు జరక్కపోవడం వేరు. ఈ తేడా తెలియాలంటే కెమిస్ట్రీలో ఒక రాగి కథ ఉంది, చూడండి.

1971లో బెజ్‌మన్, చర్చిల్, ఆస్‌బోర్న్, వర్మాల్డ్ అనే నలుగురు ఒక ఎర్రటి రాగి సమ్మేళనపు స్ఫటిక నిర్మాణాన్ని ప్రచురించారు. లోపల ఆరు రాగి పరమాణువులు అష్టముఖి ఆకారంలో, అంటే రెండు పిరమిడ్ల అడుగులు కలిపి అతికించినట్టుగా ఉన్నాయి. ఒక్కో రాగికి బయటివైపు ఒక ట్రైఫినైల్ ఫాస్ఫీన్. భాస్వరానికి మూడు బెంజీన్ వలయాలు తగిలించిన లావుపాటి అణువది. లోపలి రాగి గుంపుకి గొడుగు పట్టినట్టు నిలబడుతుంది.

ఫార్ములా ప్రకారం ఒక్కో రాగికి ఒక్కో హైడ్రోజన్ కూడా ఉండాలి. ఎక్స్‌రేలో మాత్రం వాటి చోటు తేలలేదు! ఎక్స్‌రేలని చెదరగొట్టేవి ఎలక్ట్రాన్లు. రాగికి 29 ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్‌కి ఒక్కటంటే ఒక్కటి. పెళ్ళి బ్యాండు మోగుతుంటే పక్కన దోమ పాట ఏం వినపడుతుంది?

అవి ఉన్నాయనడానికి ఆ పదార్థం చేసే రసాయన చర్యలే సాక్ష్యం. మరి ఎక్కడున్నట్టు? అష్టముఖికి 12 అంచులు, 8 ముఖాలు. అంచు మీద ఉంటే రెండు రాగుల మధ్య, ముఖం మీద ఉంటే మూడు రాగుల మధ్య ఉన్నట్టు.

ఈ ప్రశ్న తేలకుండానే సరుకు వాడకంలోకి వచ్చేసింది. 1988లో అమెరికాలో జెఫ్రీ స్ట్రైకర్ బృందం దీనికి మంచి ఉపయోగం చూపించింది. కార్బొనైల్‌ని ముట్టుకోకుండా, దాని పక్కనున్న ద్విబంధానికి మాత్రమే హైడ్రోజన్ అందిస్తుంది. అప్పట్నుంచీ దాని పేరే స్ట్రైకర్ రీఏజెంట్ అయిపోయింది. అందులో పనిచేసేదేమో ఆ హైడ్రోజనే, దాని అడ్రసే తెలీదు!

2014లో న్యూట్రాన్లతో పరీక్షించారు. న్యూట్రాన్లు ఎలక్ట్రాన్లని పట్టించుకోవు, కేంద్రకాన్ని తగిలి చెదురుతాయి. అక్కడ హైడ్రోజన్ గొంతు కూడా గట్టిగానే వినపడుతుంది. దానికి కంప్యూటర్ లెక్కలు కూడా జోడించి చూస్తే, హైడ్రోజన్లు ముఖాల మీద, మూడేసి రాగులని పట్టుకుని ఉన్నాయని తేలింది. మొదటి నిర్మాణం వచ్చిన 43 ఏళ్ళకి!

నాకు ఇందులో నచ్చిందేంటంటే, 1971 నాటి రాగి, భాస్వరం అస్థిపంజరం తప్పు కాలేదు. ఆ పనిముట్టుకి కనపడినంత మేరా అది నిజమే. మిగిలింది ఖాళీగా ఉంది, అంతే. "కనపడలేదు కాబట్టి హైడ్రోజన్లే లేవు" అని ఎవరైనా తీర్మానించి ఉంటే ఆ పదార్థం చేసే పనికి అర్థమే ఉండేది కాదు.

అందుకే ఈసారి ఎవరైనా "డేటాలో లేదు" అంటే, ఆ డేటా తీసిన పనిముట్టుకి అసలు ఏం కనపడుతుందో ముందు అడగండి. ఏమంటారు?