శీతాకాలపు గులాబీ

దసరా వెళ్లి వానలు తెరిపి ఇచ్చాయంటే కృష్ణా డెల్టాలో గులాబీ మొక్క ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న పుడుతుంది. ఇప్పుడు కత్తిరించాలా, ఆగాలా? ఇంగ్లండు తోటపని పుస్తకం తెరిస్తే, శీతాకాలమంతా మొక్క నిద్రపోతుంది, మొదట్లో మట్టి ఎగదోసి మంచునుంచి కాపాడండి, చలి తగ్గాక మార్చిలో కత్తిరించండి అని ఉంటుంది. మన బెజవాడలో జనవరి తెల్లవారుజామున కూడా చలి పద్దెనిమిది డిగ్రీల దరిదాపుల్లోనే ఆగిపోతుంది. ఇక నిద్ర ఎక్కడిది? మన గులాబీకి అసలు పూతకాలమే అది. మార్చిలో కత్తిరిస్తే వచ్చిన చిగురంతా ఎండలపాలు. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆ పువ్వు పుట్టుపూర్వోత్తరాలు కాస్త తిరగెయ్యాలి.

పేరే చూడండి. పారశీకంలో ‘గుల్’ అంటే పువ్వు, ‘ఆబ్’ అంటే నీరు. మనం పువ్వుని పిలిచే పేరు నిజానికి పన్నీటిదన్నమాట! గోలకొండ సుల్తానుల కాలంలో మన బందరు రేవుకూ పారశీక దేశానికీ ఓడల రాకపోకలుండేవి. ఇక్కడి కలంకారీ బట్టలు అటు వెళ్లేవి. అంతకు ముందే, 1443లో విజయనగరం వచ్చిన రాయబారి అబ్దుర్ రజాక్, ఆ నగరంలో ఎక్కడ చూసినా గులాబీలు అమ్ముతున్నారనీ, ఈ జనానికి అన్నమెంత అవసరమో గులాబీ అంత అవసరమనీ రాసుకున్నాడు. కాబట్టి మన ఆడవాళ్లకి పూలపిచ్చి నిన్నా మొన్నటిది కాదు.

అయితే ఈనాడు మన పెరట్లో పూసే పెద్ద గులాబీ కథ వేరు. ఐరోపా పాత గులాబీల్లో చాలామటుకు ఏడాదికొక్కసారి పూసి ఊరుకునేవి. విడవకుండా పూసే గుణం చైనా గులాబీలది. 18వ శతాబ్దం చివర అవి కంపెనీ ఓడల్లో ఇంగ్లండు చేరాయి. దారిలో కలకత్తా మజిలీ కావడంతో ఐరోపావాళ్లు వాటిని బెంగాల్ గులాబీలన్నారు. మన కాకినాడ దగ్గరి సామర్లకోటలో మొక్కలు పెంచిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకి పెద్ద అయ్యాడు. చైనా గులాబీ ఒకదానికి ఆయన పేరే పెట్టారు. ఇక హిందూ మహాసముద్రంలోని బూర్బన్ దీవిలో, చేల గట్లమీద కంచెగా వేసిన చైనా గులాబీ, పన్నీరు గులాబీ వాటంతటవే కలిసి కొత్త రకం పుట్టింది. దాని విత్తనం 1819లో పారిస్ చేరింది. అదే మన నర్సరీవాళ్లు ‘ఎడ్వర్డ్’ అనే మొక్క. అంటు కట్టడానికి వేరుమొక్కగా మన దేశంలో దీన్ని ఎంతగానో వాడారు. 1867 నాటి ‘లా ఫ్రాన్స్’ని మొదటి హైబ్రిడ్ టీ గులాబీగా లెక్కిస్తారు. వీటన్నిటిలోనూ చైనా రక్తం ఉంది. గడ్డకట్టే చలి నిద్రపుచ్చితే తప్ప వాటంతటవి పడుకోవు. మన దగ్గర ఆ చలి లేదు సరికదా, వేడి తగ్గి గాలి పొడిబారే మార్గశిర, పుష్యాల్లో పువ్వు ఇంకా పెద్దదవుతుంది, రంగు నిలుస్తుంది.

మన దేశానికి తగిన గులాబీ శాస్త్రం చెప్పినవారిలో ముఖ్యులు బి.పి. పాల్‌గారు. గోధుమ వంగడాల శాస్త్రవేత్త అయివుండీ గులాబీలమీద ప్రాణం పెట్టి, ఎన్నో కొత్త రకాలు సృష్టించి, 1966లో ‘ది రోజ్ ఇన్ ఇండియా’ అనే గ్రంథం వెలువరించారు. ఢిల్లీలో అక్టోబరు నడిమికి కత్తిరిస్తారు. ఉత్తరాదిన మొదలు తవ్వి వేళ్లకి కొన్నాళ్లు ఎండ చూపించే ఆచారం కూడా ఉంది. ఇది మాత్రం మన రేగడిలో వద్దని నా సలహా. ఆ గుంటలో ఒక్క వాన నిలిచిందంటే వేరు కుళ్లుతుంది. 1855లో ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చి డెల్టా వరికి మహోపకారం చేశాయి. గులాబీకి కావలసింది తడే కాని నిలవనీరు కాదు. అందుకే ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి మడిని అడుగెత్తు లేపుకోవాలి.

ఢిల్లీవాళ్లకి లేని బెడద మనకి మరొకటుంది. అక్టోబరు, నవంబరు మనకి తుఫాను నెలలు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. దాని పక్కన పూలమొక్క గొడవ ఎంతనిపిస్తుంది, నిజమే. కాని ఆ నెలల స్వభావం తోటలోనూ మరవకూడదు. అన్ని మొక్కలూ ఒక్కరోజే కత్తిరిస్తే లేతచిగురంతా ఒక్క గాలివానకే పోతుంది. సగం అక్టోబరు నడుమ, సగం నవంబరు నడుమ కత్తిరించండి. ఆరేడు వారాలకి పూలొస్తాయి, రెండో విడతవి సంక్రాంతికి అందుతాయి. ఎండుపుల్లలు, సన్నకొమ్మలు తీసేసి, బయటివైపు చూసే కన్నుకి పావంగుళం పైన ఏటవాలుగా కొయ్యాలి. కోసినచోట బోర్డో ముద్ద పూయండి. ద్రాక్షతోటలకని ఫ్రాన్సులో 1880లలో పుట్టిన మందు అది. అంటు కిందనుంచి లేచే కొమ్మని మొదలంటా తీసెయ్యండి, లేకపోతే కొన్నాళ్లకి వేరుమొక్కే పెత్తనం చేస్తుంది. వానల్లో నల్లమచ్చ, మంచు రోజుల్లో బూడిద తెగులు వస్తాయి. మచ్చపడిన ఆకుల్ని ఏరి కాల్చండి, పాదులో వదలకండి.

నాటు గులాబీ సంగతి వేరే చెప్పాలి. అంటుమొక్కయితే కడియం నుంచో ఎక్కడినుంచో కొనుక్కోవాలి. నాటు గులాబీ కొమ్మ గుచ్చితే బతుకుతుంది. దాన్ని ఇన్ని ఊళ్లకి చేర్చింది ఏ కంపెనీ ఓడా కాదు, పుట్టింటినుంచి, పక్కింటినుంచి ఆడవాళ్లు తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న కొమ్మలే. పువ్వు చిన్నదే, వాసన మాత్రం కొన్న వాటిలో చాలావాటికి లేదు. ఈ కార్తీకంలో కత్తిరించినప్పుడు పెన్సిలంత లావు కొమ్మల్ని పారెయ్యకండి. జానెడు ముక్కలు చేసి, తడి ఇసుకలో నీడన గుచ్చండి. వేళ్లూనాక అడిగినవాళ్లకి ఒకటివ్వండి.