పట్టాయ వెళ్తున్నారా? ముందు కాస్త చరిత్ర వినండి

ఆఫీసులో ఎవరైనా "లాంగ్ వీకెండ్‌కి బ్యాంకాక్, పట్టాయ వెళ్తున్నాం" అన్నారంటే చాలు, పక్క క్యూబికల్లోంచి ఒక చిన్న దగ్గు వినిపిస్తుంది. ఇంకొకరు "ఫ్యామిలీతోనా, ఫ్రెండ్స్‌తోనా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలో వెటకారం అందరికీ అర్థమవుతుంది. పెళ్ళైనవాళ్ళైతే ఇంట్లో పట్టాయ పేరెత్తకుండా "థాయ్‌లాండ్ టూర్" అని సరిపెట్టేస్తారు. పూరి జగన్నాథ్ గారు కథలు రాసుకోడానికి ఆ దేశపు బీచ్‌లకి వెళ్తారని తెలిసినప్పట్నుంచి దాని మీద కూడా బోలెడన్ని జోకులు.

జోకులతో నాకు పేచీ లేదు. కానీ వాటి వెనక ఒక అభిప్రాయం ఉంటుంది చూడండి, "వాళ్ళ కల్చరే అంత" అని, అభ్యంతరమల్లా దాని మీదే. ఒక ఊరు ఇలా తయారైందంటే దానికి తేదీలుంటాయి, చట్టాలుంటాయి, సంతకాలుంటాయి. ఇక్కడైతే ఒక పెద్ద యుద్ధం కూడా ఉంది. మనం రోజూ లెగసీ కోడ్ చూసి "ఎవడు రాశాడ్రా బాబూ దీన్ని" అనుకుంటాం కదా. వర్షన్ హిస్టరీ తీస్తే ఏ లైను ఎప్పుడు వచ్చిందో, ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. పట్టాయకి కూడా ఒకసారి ఆ హిస్టరీ తీసి చూద్దాం.

మొదట పేరు. 1767లో బర్మా సైన్యం సయాం రాజధాని అయుత్తయని (మన అయోధ్య పేరే అది) ముట్టడించి నేలమట్టం చేసింది. ఊరు పడిపోవడానికి కొన్ని నెలల ముందు ఫ్రయా తాక్ అనే సేనాని కొద్దిమంది సైనికులతో ముట్టడిని ఛేదించుకుని తూర్పు తీరం వైపు వచ్చేశాడు. దారిలో నాయ్ క్లోమ్ అనే స్థానిక నాయకుడు అడ్డుపడబోయి, చివరికి యుద్ధం లేకుండానే లొంగిపోయాడట. ఆ చోటుకి "థాప్ ఫ్రయా", అంటే ఫ్రయా గారి దండు అని పేరొచ్చిందనీ, రానురాను అది "ఫత్తయా" అయిందనీ చెప్తారు. ఫత్తయా అంటే వానాకాలం మొదట్లో నైరుతి నుంచి వీచే గాలి. మనకి నైరుతి ఋతుపవనాలు ఎలాగో వాళ్ళకి అదలాగన్నమాట. ఆ సేనానే ఏడాది తిరక్కుండా బర్మా వాళ్ళని తరిమేసి తాక్సిన్ మహారాజుగా గద్దెనెక్కాడు. అంటే ఈ ఊరి పేరు వెనకున్నది ఓడిపోయిన దేశం మళ్ళీ లేచి నిలబడిన కథ.

ఆ తర్వాత దాదాపు రెండు వందల ఏళ్ళు ఇక్కడ చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. అదొక జాలర్ల పల్లె. పక్కనే ఉన్న నాక్లువా దీనికంటే పెద్ద ఊరు. నాక్లువా అంటే ఉప్పుమడులు అని అర్థం. చేపలు, ఉప్పు, వెనక కొబ్బరి తోటలు. మన కోస్తాలో ఇలాంటి ఊళ్ళు వందలున్నాయి, ఊహించుకోవడం కష్టం కాదు.

ఇక అందరూ చెప్పే కథ. 1959 జూన్ 29న కోరాట్ నుంచి కొన్ని వందలమంది అమెరికన్ సైనికులు ట్రక్కుల్లో వచ్చి, బీచ్‌కి దక్షిణం చివర ఇళ్ళు అద్దెకి తీసుకుని వారం రోజులు సెలవు గడిపారనీ, పట్టాయ టూరిజం ఆ రోజే పుట్టిందనీ అంటారు. కథ బాగుంది గానీ దీన్ని కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. కోరాట్‌లో అమెరికా వైమానిక దళం దిగింది 1962లో. 1959లో అక్కడ అంత పెద్ద దండు ఎక్కడిదన్నది ప్రశ్నే. పైగా అప్పటికే బ్యాంకాక్ డబ్బున్నవాళ్ళు ఈ బీచ్‌కి వస్తున్నారు. ఇక్కడి వరుణ యాట్ క్లబ్బు 1957 నాటిది (వరుణుడంటే మన వరుణుడే). అప్పటి రాజు భూమిబల్‌కి కూడా పడవలంటే పిచ్చి. 1966 ఏప్రిల్లో ఆయన సొంతంగా తయారుచేసుకున్న చిన్న తెరచాప పడవలో హువా హిన్ నుంచి గల్ఫ్ దాటి పట్టాయకి దిగువనున్న సత్తహిప్‌కి ఒంటరిగా వచ్చాడు. అంటే మొదట్లో ఇది పెద్దింటివాళ్ళ పడవ షికార్ల చోటు.

దాన్ని మార్చింది యుద్ధం. 1958లో సర్బురి నుంచి కోరాట్ వరకు అమెరికా డబ్బుతో "మిత్రభాప్" రోడ్డు వేశారు. మిత్రభావం అన్న మాటే అది. పేరులో స్నేహం ఉన్నా ఉద్దేశం మాత్రం కమ్యూనిస్టులున్న లావోస్ సరిహద్దు దాకా సరుకూ సైన్యమూ చేరడం. అప్పటి సైనిక పాలకుడు సరిత్ థనరత్ అమెరికాకి బాగా దగ్గర. వియత్నాం యుద్ధం ముదిరేసరికి థాయ్‌లాండ్‌లో కోరాట్, ఉదోన్, ఉబోన్, నఖోన్ ఫనోమ్ ఇలా వరసగా అమెరికన్ స్థావరాలు వెలిశాయి. పట్టాయకి ఓ 40 కిలోమీటర్ల దక్షిణాన ఉ-తపావ్ దగ్గర భారీ రన్‌వే కట్టారు. 1967 ఏప్రిల్ నుంచి బి-52 బాంబర్లు అక్కణ్ణుంచి ఎగరడం మొదలుపెట్టాయి. 1972 డిసెంబర్లో హనోయ్ మీద 11 రోజులు బాంబులు కురిపించిన విమానాల్లో చాలా వాటి స్థావరం ఇదే. దేశంలో అమెరికన్ సైనికుల సంఖ్య ఒక దశలో 50 వేల దాకా వెళ్ళింది.

ఇప్పుడు అసలు పాయింటు. వియత్నాంలో ఏడాది డ్యూటీ చేసే ప్రతి సైనికుడికీ మధ్యలో ఓ వారం సెలవు దొరికేది. దాన్ని "ఆర్ అండ్ ఆర్" అనేవాళ్ళు, విశ్రాంతీ వినోదమూ అని. ఆ సెలవుల కోసం 1967లో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. జేబు నిండా డాలర్లున్న ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. వారం తర్వాత మళ్ళీ అడవిలోకి వెళ్ళాలి, తిరిగొస్తారో లేదో తెలీదు. వీళ్ళకోసం ఎలాంటి వ్యాపారం పుడుతుందో చెప్పక్కర్లేదు కదా.

చట్టాల వరస కూడా చూడండి. 1960లో వ్యభిచారాన్ని నిషేధిస్తూ థాయ్ ప్రభుత్వం చట్టం చేసింది. అదే ఏడాది టూరిజం సంస్థ కూడా పెట్టింది. 1966లో "వినోద స్థలాల చట్టం" తెచ్చి బార్లకీ, మసాజ్ పార్లర్లకీ, నైట్‌క్లబ్బులకీ పోలీసుల చేత లైసెన్సులు ఇప్పించడం మొదలుపెట్టింది. ముందు తలుపు మూసి పక్క తలుపు తెరవడమన్నమాట. కాగితం మీద అది నేరం, కానీ జరిగే చోటుకి లైసెన్సు. 1996లో పాత చట్టం స్థానంలో కొత్తది వచ్చింది, నిషేధం మాత్రం అలాగే ఉంది. ఇలాంటి ఏర్పాటులో నష్టపోయేది ఎవరంటే అక్కడ పనిచేసే ఆడవాళ్ళే. చేసే పని నేరం కాబట్టి ఎవడు మోసం చేసినా, కొట్టినా ఫిర్యాదు చేయలేరు. లైసెన్సున్న ఓనరు, చూసీ చూడనట్టు పోయే అధికారి మాత్రం హాయిగా ఉంటారు.

అలాగని అంతా అమెరికా వాళ్ళే నేర్పారు అంటే అదీ సగం నిజమే. సయాంలో 1908లోనే వేశ్యాగృహాలకి లైసెన్సుల చట్టం ఉంది. స్థానిక మగవాళ్ళ గిరాకీ అంతకుముందూ ఉంది, తర్వాతా ఉంది. యుద్ధం చేసిందల్లా దాన్ని విదేశీ టూరిస్టు కోసం, బీచ్ పక్కన, నియాన్ లైట్ల కింద ఒక ఇండస్ట్రీగా మార్చడం. ఆ తేడా పెద్దదే.

1976లో అమెరికన్ సైన్యం వెళ్ళిపోయింది. మామూలుగా అయితే కథ అక్కడ అయిపోవాలి. కానీ హోటళ్ళు కట్టేశారు, బార్లు తెరిచేశారు, అప్పులు కట్టాలి, వేలమంది ఉద్యోగాలు దాని మీదే. ప్రొడక్షన్లోకి వెళ్ళిపోయిన సిస్టాన్ని క్లయింట్ వెళ్ళిపోయాడని ఎవరూ ఆపేయరు, ఇంకో క్లయింట్‌ని వెతుకుతారు. యూరప్ నుంచి ప్యాకేజీ టూర్లు వచ్చాయి, తర్వాత అరబ్బులు, రష్యన్లు, చైనా వాళ్ళు. 1978లో పట్టాయకి ప్రత్యేక నగర హోదా ఇస్తూ చట్టం చేశారు. అప్పట్లో ఒక సిటీ మేనేజర్ని పెట్టి కంపెనీలా నడిపారు. 1999 చట్టంతో గానీ జనం నేరుగా మేయర్ని ఎన్నుకునే పద్ధతి రాలేదు.

మరి ఆ బార్లలో, హోటళ్ళలో, మసాజ్ షాపుల్లో పనిచేసేది ఎవరు? ఎక్కువమంది ఈసాన్ వాళ్ళు, అంటే ఈశాన్య థాయ్‌లాండ్ వాళ్ళు (ఆ మాట కూడా మన "ఈశాన్యం" నుంచే). వాన మీద ఆధారపడిన వరి, పేలవమైన నేల, ఏడాదికి ఒకే పంట. అక్కడ ఆచారం ప్రకారం చివరి కూతురికి ఇల్లు వస్తుంది, తల్లిదండ్రుల్ని చూసుకునే బాధ్యతా వస్తుంది. నాన్నకి వైద్యం, తమ్ముడికి చదువు, పొలం మీద అప్పు... ఈ లెక్కలన్నీ ఒక పాతికేళ్ళ అమ్మాయి బస్సెక్కడానికి కారణాలు. మన కోనసీమ, కడప నుంచి కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళ కథలు విన్నవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. వాళ్ళని చూసి మనం "కల్చర్" అనం, "పాపం కష్టం" అంటాం. ఇక్కడ మాత్రం మాట మారిపోతుంది.

ఈ ఊళ్ళో ఇంకో రకం పని చేసినవాళ్ళూ ఉన్నారు. రే బ్రెన్నన్ అనే అమెరికన్ కేథలిక్ ఫాదర్ 1970లలో ఇక్కడ అనాథాశ్రమం మొదలుపెట్టాడు. 1984లో వికలాంగుల కోసం ఒక వృత్తివిద్యా పాఠశాల పెట్టి అందులో కంప్యూటర్లు కూడా నేర్పించారు. ఆయన 2003లో చనిపోయినా ఆ సంస్థలు నడుస్తూనే ఉన్నాయి. వాకింగ్ స్ట్రీట్ ఫోటోలు లక్ష దొరుకుతాయి, దీని గురించి మాత్రం ఏ ట్రావెల్ ప్యాకేజీలోనూ ఉండదు.

తొందరపాటు అభివృద్ధికి కట్టిన మూల్యం కూడా చెప్పాలి. 1997 జులై 11న జోమ్‌టియన్ బీచ్‌లో ఒక పెద్ద హోటల్ తగలబడి దాదాపు 90 మంది చనిపోయారు. బయటికెళ్ళే తలుపులు తాళాలేసి ఉన్నాయి. అప్పటికి 9 రోజుల ముందే, జులై 2న, థాయ్ కరెన్సీ బాత్ కుప్పకూలి ఆసియా ఆర్థిక సంక్షోభం మొదలైంది. మీరు ఏ హోటల్లో దిగినా, పట్టాయలోనే కాదు ఎక్కడైనా సరే, ముందు ఫైర్ ఎగ్జిట్ ఎక్కడుందో చూసి తలుపు తెరుచుకుంటుందో లేదో నెట్టి చూడండి.

సరే, ఇంత చెప్పాక "అయితే ఏం చూడాలి?" అంటారు. చెప్తాను.

ఒకటి, నాక్లువాలో సముద్రం ఒడ్డునున్న "సత్య మందిరం". లెక్ విరియఫన్ అనే సంపన్న వ్యాపారి 1981లో మొదలుపెట్టాడు. వంద మీటర్లకి పైగా ఎత్తు, మొత్తం చెక్క, అంగుళం అంగుళం శిల్పాలు. ఆయన 2000లో పోయినా పని ఇంకా జరుగుతూనే ఉంది. ఒక పక్క కొత్తవి చెక్కుతుంటే ఇంకో పక్క సముద్రపు గాలికి పాడైన పాత చెక్కని మారుస్తుంటారు. ఎప్పటికీ ఫైనల్ రిలీజ్ లేని ప్రాజెక్టు :-) లోపల హిందూ, బౌద్ధ, ఖ్మేర్, చైనా సంప్రదాయాలన్నీ కనిపిస్తాయి. వినాయకుణ్ణి, బ్రహ్మనీ గుర్తుపట్టడానికి మనకి గైడు అక్కర్లేదు.

రెండు, ఖావో చీ చాన్. రాళ్ళ కోసం కొట్టేసిన ఒక కొండ ముఖం మీద 1996లో, రాజు పాలన 50 ఏళ్ళ సందర్భంగా, లేజర్‌తో గీతలు గీసి బంగారు రంగులో బుద్ధుణ్ణి చెక్కారు. వంద మీటర్లకి పైనే ఉంటుంది. పొద్దున్నే వెళ్తే ఎండ పడదు, జనమూ ఉండరు. దారిలోనే నొంగ్ నూచ్ తోట. 1954లో పండ్లతోట కోసం కొన్న భూమిని పూలతోటగా మార్చి 1980లో జనానికి తెరిచారు. పిల్లలున్నవాళ్ళకి ఒక పూట పడుతుంది.

మూడు, టిఫనీ షో. 1974 నుంచి నడుస్తున్న ట్రాన్స్‌జెండర్ కళాకారుల ప్రదర్శన. మనవాళ్ళు నవ్వుకోడానికి వెళ్తారు. కానీ వేరే ఉద్యోగాలు దొరకని రోజుల్లో స్టేజీ మీద నిలబడి టిక్కెట్టు కొనిపించి తమకంటూ ఒక వృత్తిని తయారుచేసుకున్నవాళ్ళ చరిత్ర అది. ఆ దేశంలో 2025 జనవరి 23 నుంచి స్వలింగ వివాహాలు చట్టబద్ధమయ్యాయి.

నాలుగు, కో లాన్ దీవి. బాలి హై పియర్ నుంచి మామూలు ఫెర్రీలో ముప్పావుగంట. స్పీడ్‌బోట్ వాళ్ళ మాట వినకండి, ఫెర్రీ చాలు. జెట్‌స్కీ అద్దెకి తీసుకుంటే ముందే నాలుగు వైపులా వీడియో తీసుకోండి. తిరిగిచ్చేటప్పుడు పాత గీతలకి మీ దగ్గర డబ్బులు గుంజే మోసం అక్కడ బాగా పాతది.

చివరిగా మన సంగతి. 2023 నవంబర్లో థాయ్‌లాండ్ మనకి వీసా లేకుండా రానిచ్చే పథకం మొదలుపెట్టాక భారతీయుల రద్దీ బాగా పెరిగింది (నియమాలు మారుతుంటాయి, టిక్కెట్లు కొనే ముందు చూసుకోండి). అమెరికన్ సైనికులు, యూరప్ టూరిస్టులు, రష్యన్లు కూర్చున్న కుర్చీలో ఇప్పుడు మనం కూర్చున్నాం. వాళ్ళందరి గురించీ ఆ ఊరికి ఒక్కో అభిప్రాయం ఉంది, మన గురించి ఇప్పుడు తయారవుతోంది. పదిమంది గుంపుగా వెళ్ళి దారిన పోయే ప్రతి అమ్మాయినీ వీడియో తీయడం, రేటు అడిగి నవ్వుకుంటూ వెళ్ళిపోవడం, వెయిట్రెస్‌తో వెకిలిగా మాట్లాడటం... వీటికి వాళ్ళ కల్చర్ కారణం కాదు. అవి మనం సూట్‌కేసులో పెట్టుకుని తీసుకెళ్ళినవి.

వెళ్ళండి, బీచ్ చూడండి, సముద్రపు చేపలు తినండి, రాత్రి లైట్లూ చూడండి. వీలైతే ఒక ఉదయం నాక్లువా చేపల మార్కెట్‌కి కూడా వెళ్ళి రండి. యుద్ధానికి ముందు ఆ తీరం ఎలా బతికిందో ఇప్పటికీ కాస్తో కూస్తో కనిపించేది అక్కడే.