చదువుకునే పిల్లకి పన్నేమిటి?

పన్ను అన్న మాటకి మన భాషలో రెండర్థాలుండడం ఊరికే కాదనిపిస్తుంది నాకు. నోట్లోదైనా, సర్కారుదైనా, పీకేటప్పుడే దాని సంగతి తెలుస్తుంది. అందాకా అదొకటి ఉందని గుర్తే ఉండదు. మరి ఇంకా కాలేజీ పుస్తకాలు మోసుకు తిరిగే పిల్లల దగ్గరకొచ్చి పన్ను కట్టమంటే?

ఇవాళ చాలా ఇళ్ళల్లో జరుగుతున్నదిదే. పరీక్షలకి చదువుతూనే కంప్యూటరు ముందు కూర్చుని బొమ్మలు గీసేవాళ్ళు, అనువాదాలు చేసేవాళ్ళు ఎంతమందో! ఉద్యోగం కాదు, నెలజీతం కాదు. పనికింత అని ఇస్తారు. అందులోంచి పన్ను కోశారని తెలిస్తే, "చదువుకునే పిల్లలకి పన్నేమిటండీ, చోద్యం కాకపోతే!" అని తల్లులు ముక్కున వేలేసుకుంటారు. వాళ్ళ ఆశ్చర్యానికి రెండు వేల ఏళ్ళు పైబడిన ఆధారం ఉంది.

ఆపస్తంబుడి పేరు కొందరి ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకీ ఉపనయనాలకీ ప్రవరలో వినబడుతుంది. ఆయన ధర్మసూత్రాల్లో రాజు ఎవరి దగ్గర పన్ను పుచ్చుకోకూడదో ఒక జాబితా ఉంది. వేదం చదివిన శ్రోత్రియుడు, అన్ని వర్ణాల స్త్రీలు, ఇంకా మీసం మొలవని బాలురు, విద్య కోసం గురువు దగ్గర ఉండేవాళ్ళు, తపస్సు చేసుకునేవాళ్ళు.

చూశారా, విద్యార్థీ ఉన్నాడు, మనమూ ఉన్నాం! కానీ సంతోషపడేముందు జాబితా చివరిదాకా చదవాలి. ఒకరి కాళ్ళు కడిగి బతికే సేవకుడు, గుడ్డివాళ్ళు, మూగవాళ్ళు, చెవిటివాళ్ళు, రోగులు కూడా అందులోనే ఉన్నారు. అంటే గౌరవం కొద్దీ వదిలేసినవాళ్ళు కొందరు, చేతిలో ఏమీ ఉండదని వదిలేసినవాళ్ళు కొందరు. ఆనాటి విద్యార్థి భిక్షమెత్తి తెచ్చింది గురువుగారి ముందు పెట్టేవాడు. ఇక అతని దగ్గర పుచ్చుకునేదేముంది? మనం ఏ కోవలోకి వస్తామో ఆపస్తంబుడు విడమరిచి చెప్పలేదు. నాకైతే ఆ రెండో కోవే అనిపిస్తుంది.

"నువ్వెవరు?" అన్న ఈ పాత ప్రశ్నని "నీకెంతొస్తోంది?" అని మార్చింది 1860లో జేమ్స్ విల్సన్ అనే దొర. కుర్రతనంలో టోపీల తయారీ నేర్చుకుని, టోపీల వ్యాపారం చేసి, ఆ తరువాత 'ఎకనమిస్ట్' పత్రిక పెట్టిన మనిషి. 1857 తిరుగుబాటుతో ఖజానాకి అప్పులు మిగిలితే, ఆ లోటు పూడ్చమని ఆయన్ని ఇండియాకి పంపారు. టోపీలు చేసినవాడొచ్చి మనకి టోపీ పెట్టాడని ఎవరైనా అంటే కాదనలేను. ఏడాదికి 200 రూపాయలు దాటితే నూటికి రెండు, 500 దాటితే నూటికి నాలుగు అన్నాడు. ఇది మీకు కొత్తేమీ కాదంటూ మనువునే సాక్ష్యానికి పిలిచాడు. ఆపస్తంబుడి సంగతి మాత్రం ఆయనకెవరూ చెప్పి ఉండరు!

అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు గవర్నరు కింద ఉండేవి. ఆ గవర్నరు ట్రెవెల్యాన్ ఈ పన్ను కూడదని పత్రికకెక్కాడు. పై వాళ్ళు ఊరుకుంటారా? ఆయన్ని వెనక్కి పిలిపించారు. విల్సన్ కూడా పాపం, ఆ ఆగస్టులోనే జిగట విరేచనాలతో కలకత్తాలో పోయాడు. చిత్రమేమిటంటే, ఆ ట్రెవెల్యానే తరువాత ఆర్థిక సభ్యుడై తిరిగొచ్చాడు. 1865లో ఆ పన్ను గడువు తీరిపోయింది. కానీ రుచి మరిగిన సర్కారు ఎన్నాళ్ళుంటుంది? 1886 చట్టంతో పన్ను స్థిరపడింది. 1922లో ఒకటి, 1961లో ఒకటి, 2025లో మరొకటి చట్టాలొచ్చాయి. ప్రశ్న మాత్రం అదే: నీకెంతొస్తోంది?

ఈ ప్రశ్న అడిగించుకోవడం కూడా అందరికీ దొరకలేదు. బ్రిటన్‌లో 1990 ఏప్రిల్ దాకా భార్య ఆదాయం పన్ను లెక్కల్లో భర్త ఆదాయంలో కలిసిపోయేది. ఆమె సంపాదించినా లెక్క ఆయనదే. మన దగ్గర ఉద్యోగం చేసే ఇల్లాలి జీతం ఆమె లెక్కే. పిల్లల విషయంలో 1992లో ఒక నిబంధన వచ్చింది. పద్ధెనిమిదేళ్ళు నిండని పిల్లల ఆదాయాన్ని తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వాళ్ళదాంట్లో కలుపుతారు. కానీ ఆ పిల్లో పిల్లాడో సొంత కష్టంతో, సొంత విద్యతో తెచ్చుకున్నదైతే కలపరు. అది వాళ్ళదే. ఆ ఒక్క మినహాయింపు నాకెంత నచ్చిందో!

మా ఎదురింటి అమ్మాయి ఇంజనీరింగు మూడో ఏడు. పిల్లల పుస్తకాలకి బొమ్మలు గీస్తుంది. ఏడాదికి అరవై వేలకి పని చేస్తే యాభై నాలుగు వేలే చేతికొచ్చాయి. ఇలాంటి పనులకిచ్చే ఫీజు ఏడాదికి యాభై వేలు దాటితే, ఇచ్చేవాళ్ళే నూటికి పది కోసి సర్కారుకి కట్టాలి. వాళ్ళ నాన్నగారు, "పోతే పోయిందిలే. వచ్చే ఏడు నా పేరున బిల్లు పెట్టు, ఈ గొడవుండదు" అన్నారట.

"పోవడమేమిటి? నాలుగు లక్షల దాకా పన్నే లేదని 2025 బడ్జెట్ చెబుతుంటే!" అన్నాను. "ఆ ఆరు వేలూ నీ పాన్ నంబరు కింద జమయ్యాయో లేదో చూసుకుని రిటర్ను వెయ్యి, తిరిగొస్తాయి. పాన్ ఇవ్వకపోతే నూటికి ఇరవై కోసేవాళ్ళు, తెలుసా?"

"ఆరు వేల కోసం ఇంత తిప్పలా ఆంటీ?" అంది.

ఆరు వేల సంగతి కాదు. నాన్న పేరున బిల్లు పెడితే పనిచేసింది ఈ పిల్ల, సంపాదించింది ఆయన అవుతుంది. రేపు బ్యాంకువాళ్ళు అప్పివ్వడానికి నీ సంపాదన కాగితాలేవమ్మా అంటే ఏం చూపిస్తుంది?

మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్ల ఉంటే ముందు ఆమె పేరునే పాన్ కార్డూ బ్యాంకు ఖాతా తీయించండి. బిల్లులూ ఖర్చుల రసీదులూ ఒక ఫైల్లో పెట్టుకోమనండి. పెళ్ళి చీరల బిల్లులు పదేళ్ళు దాచేవాళ్ళం, ఈ మాత్రం చెయ్యలేమా? ఆపస్తంబుడు ఆడవాళ్ళకి పన్ను వద్దన్నాడు. ఈ పిల్లకి ఈ ఏడు పన్ను లేదు. రెండూ ఒకటి కావు. ఈమెకి పన్ను లేకపోవడం కూడా ఈమె పేరునే లెక్క కట్టి తేల్చినది.