తెల్లగౌను ఆవిడా, మడతపెట్టిన కాగితమూ

శనివారం మధ్యాహ్నాలు మా అపార్ట్‌మెంట్లో ఐదుగురం ఆడవాళ్లం ఒకచోట చేరి పుస్తకం చదువుకుంటాం. పిల్లల చదువులూ, పనమ్మాయి రాకపోవడాలూ మాట్లాడుకోగా మిగిలిన టైములో చదువు అన్నమాట. ఈసారి పుస్తకం ఎంచింది బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమ్మగారు. విల్కీ కాలిన్స్ రాసిన 'ద వుమన్ ఇన్ వైట్'. నాది బి.ఏ. తెలుగు, నూట అరవై ఏళ్ల కిందటి ఇంగ్లీషు నాకెక్కడ కొరుకుడు పడుతుంది? ఆవిడే పైకి చదివి, ఆగి ఆగి తెలుగులో చెప్పేవారు.

మొదట్లోనే ఒళ్లు జలదరించే ఘట్టం ఉంది. అర్ధరాత్రి, లండన్‌కి వెళ్లే నిర్మానుష్యమైన రోడ్డు. డ్రాయింగ్ మాస్టారు వాల్టర్ ఒక్కడే నడుస్తున్నాడు. వెనకనుంచి ఎవరిదో చెయ్యి వచ్చి భుజమ్మీద పడింది. తిరిగి చూస్తే నిలువెల్లా తెల్లబట్టల్లో ఒక ఆడమనిషి.

"దయ్యమే! మన 'ఆమె ఎవరు?' సినిమాలోలాగా," అంది మూడో అంతస్తు అక్క. జగ్గయ్య, జయలలిత వేసిన 1966 నాటి సినిమా అది. మనకి రాత్రిపూట రోడ్డు మీద తెల్లచీర కనపడితే ఇక వేరే అర్థం ఉండదు కదా.

పెద్దమ్మగారు నవ్వి, "ఇందులో దయ్యం లేదమ్మా, కాగితాలున్నాయి. దయ్యమే నయం అనిపిస్తుంది చూడండి," అన్నారు.

ఆ మాటేమిటో తెలియడానికి మాకు నెల పట్టింది. (కథ కొంత చెప్పేస్తున్నాను. చదవాలనుకునేవాళ్లు ఏమీ అనుకోకండి.)

ఈ నవల 1859 నవంబరులో, చార్లెస్ డికెన్స్ నడిపే 'ఆల్ ద ఇయర్ రౌండ్' వారపత్రికలో సీరియల్‌గా మొదలైంది. పత్రిక వెల రెండు పెన్నీలు. తొమ్మిది నెలలు ఊరంతా దాని గురించే మాటలట. ఆ పేరుతో సెంట్లు, టోపీలు, నాట్యానికి వాయించే బాణీలు కూడా అమ్మారు. చిన్నప్పుడు మా అమ్మా, పక్కింటి పిన్నిగారూ 'తులసిదళం' సీరియల్ కోసం ఒకే పత్రికను పంచుకుని, ఆ వారం భాగం చదివేదాకా వంటింట్లో ఎసరు పెట్టేవారు కాదు. అలాంటి పిచ్చే అనుకోండి.

కథలో లారా అనే అమ్మాయికి తల్లీ తండ్రీ లేరు. ఆస్తి ఉంది. అక్క వరసైన మేరియన్ తోడుంది. బాబాయి ఒకడున్నాడు, నరాల నీరసమని గది దాటి రాడు. సర్ పెర్సివల్ అనే పెద్దమనిషితో లారాకి పెళ్లి కుదిరింది. తండ్రి చనిపోయే ముందు కుదిర్చిన సంబంధం కనుక కాదనలేకపోయింది.

పెళ్లికి ముందు ఒప్పందం రాస్తారు. లారాకి రావలసిన 20,000 పౌండ్లు, పిల్లలు లేకుండా ఆమె చనిపోతే ఎవరికి చెందాలన్నది ప్రశ్న. ఆమె తన ఇష్టం వచ్చినవాళ్లకి రాసుకునేలా ఉండాలని ఆమె తరఫు ముసలి లాయరు పట్టుబట్టాడు. మొగుడికే రావాలంది అవతలి పక్షం. బాబాయికి తలనొప్పి, ఒప్పేసుకున్నాడు. తన కూతురికైతే ఇలాంటి షరతుతో ఛస్తే పెళ్లి చేయనని లాయరు బాధపడతాడు. అంటే బతికున్న లారా కంటే చనిపోయిన లారా మొగుడికి లాభం. మా పెద్దమ్మగారు అక్కడ పుస్తకం మూసి, "హత్యకి కావలసిన కారణం పెళ్లిపుస్తకంలోనే రాసి ఇచ్చేశారు," అన్నారు.

నాకు మాత్రం మనసులో గుచ్చుకున్న ఘట్టం ఆ తర్వాతది. పెర్సివల్ ఒక దస్తావేజు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రాత అంతా లోపలికి పోయేలా మడతలు పెట్టి, సంతకం చేయాల్సిన చోటు మాత్రం బయటికి ఉంచాడు. పెట్టమన్నాడు. అందులో ఏముందని లారా అడిగింది. ఆడవాళ్లకి చెప్పినా అర్థం కాదన్నాడు. చదవకుండా పెట్టనంది. దాంతో అతను నోరు జారి అవమానంగా మాట్లాడాడు. లారా కలం కింద పడేసి లేచి వెళ్లిపోయింది.

అదే గదిలో సాక్షులుగా లారా మేనత్తా, ఆవిడ భర్త కౌంట్ ఫాస్కో ఉన్నారు. ఈ ఫాస్కో కొండంత మనిషి, తెల్ల ఎలుకల్ని చొక్కా మీద పాకించుకుంటూ అతి తీయగా మాట్లాడే విలన్. మా ఇద్దరినీ సాక్షులుగా రాయడం బాగోదు, మా ఆలుమగలకి ఉన్నది ఒకటే అభిప్రాయం, అది నాదే అంటాడు. మేమందరం పకపకా నవ్వాం. ఆ మేనత్త పెళ్లికి ముందు స్త్రీల హక్కుల గురించి తెగ వాదించేదట. ఇప్పుడు నోరు మెదపకుండా మొగుడికి సిగరెట్లు చుట్టి ఇస్తూ కూర్చుంటుంది. అది గుర్తొచ్చాక నవ్వు ఆగిపోయింది.

ఫాస్కో అన్నది వేళాకోళం కాదు, అప్పటి ఇంగ్లండు చట్టమే అది. పెళ్లయితే ఆలుమగలు చట్టం దృష్టిలో ఒకే మనిషి, ఆ మనిషి భర్త. భార్య చేతిలో డబ్బూ, నగా, ఆమె కష్టపడి సంపాదించిన కూలీ అన్నీ అతనివే. భూమి ఉంటే దాని మీద వచ్చేది కూడా అతని చేతికే. కలిగినవాళ్లు కూతుళ్ల కోసం ఒప్పందాలు రాయించి కొంత కాపాడుకునేవారు. లేనివాళ్లకి ఆ దారీ లేదు.

దీన్ని మార్చాలని బార్బరా లీ స్మిత్ అనే ఆవిడ స్నేహితురాళ్లతో కలిసి సంతకాలు సేకరించింది. 1856లో ఆ అర్జీలు పార్లమెంటుకి చేరేసరికి సంతకాలు 26,000 దాకా వచ్చాయి. రచయిత్రి ఎలిజబెత్ గాస్కెల్, కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ కూడా పెట్టారు. ఇంత చేసినా మరుసటి ఏడు విడాకుల చట్టం తెచ్చి, ఆస్తి సంగతి పక్కన పెట్టేశారు. సొంత సంపాదన తనదే అనుకునే హక్కు పెళ్లయిన ఆడదానికి 1870లో వచ్చింది. మిగతా ఆస్తి మీద 1882 చట్టంతో వచ్చింది. లారా కథ జరిగేది 1850 ప్రాంతంలో. ఒక తరం ముందు పుట్టేసింది పాపం.

సంతకం పెట్టని లారాని ఏం చేశారో చెప్పాలి. కథ మొదట్లో కనిపించిన తెల్లబట్టల ఆవిడ పేరు ఆన్. పిచ్చాసుపత్రి నుంచి తప్పించుకొచ్చిన మనిషి. లారా పోలికే. జబ్బుతో ఉన్న ఆన్ చనిపోతే, లారా పోయిందని చెప్పి పాతిపెట్టారు. లారాకి మత్తిచ్చి, ఆన్ పేరుతో ఆసుపత్రిలో పడేశారు. నేనే లారాని అని ఎంత మొత్తుకుంటే అంత పిచ్చి ముదిరిందని రాసుకుంటారు అక్కడ!

"మరీ సినిమాలా ఉంది, ఇలా ఎక్కడైనా జరుగుతుందా?" అని మాలో కొత్తగా పెళ్లయినమ్మాయి అడిగింది. నాకూ ఆ అనుమానమే వచ్చి ఇంటికెళ్లి వెతికాను. జరిగింది.

1856లో డికెన్స్‌తో కలిసి పారిస్‌లో తిరుగుతుండగా, కాలిన్స్‌కి పాతపుస్తకాల దుకాణంలో ఫ్రెంచి కోర్టు కేసుల సంపుటాలు దొరికాయి. అందులో మదామ్ దె దూవో అనే జమీందారీ వితంతువు కేసు ఉంది. తండ్రి ఆస్తి దగ్గర అన్నదమ్ముడితో తగాదా. 1787 చివర్లో ఆమె పారిస్‌కి బయల్దేరితే, దారిలో మత్తిచ్చి వేరే పేరుతో సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో పెట్టారు. ఆమె చనిపోయిందన్నారు. ఆస్తి పంచుకున్నారు. ఎలాగో బయటపడి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినా, ఆమెకి ఆమె పేరు తిరిగి దక్కలేదు. కాలిన్స్ తన కథకి మంచి ముగింపు ఇచ్చాడు గానీ అసలు మనిషికి అది లేదు.

ఇంకా దగ్గరి కథ ఉంది. నవల మొదలవడానికి ఏడాదిన్నర ముందు, 1858 జూన్‌లో, రోజీనా బుల్వర్ లిట్టన్ అనే ఆవిడ భర్త ఎన్నికల సభకి వెళ్లి అందరి ముందూ అతన్ని దులిపేసింది. ఆయన పేరున్న నవలాకారుడు, పైగా మంత్రి. ఎన్నో ఏళ్ల కిందటే ఆమెని వదిలేశాడు. సభ అయిన కొద్దిరోజులకే, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు పుట్టించి ఆమెని పిచ్చాసుపత్రిలో వేయించాడు. చట్టప్రకారం రెండు సర్టిఫికెట్లుంటే చాలు మరి. పత్రికల్లో గొడవ కావడంతో మూడు వారాలకి వదిలారు. బయటికి వచ్చిన తల్లిని వెంట పెట్టుకుని ఫ్రాన్సు తీసుకెళ్లిన కొడుకు రాబర్ట్. ఆ కొడుకే తర్వాత మన దేశానికి వైస్రాయిగా వచ్చిన లార్డ్ లిట్టన్. ధాత కరువులో మన రాయలసీమ జనం డొక్కలెండి చచ్చిపోతుంటే, 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు చేసిన ఆయనే. బళ్లో చదువుకున్న పేరు వెనక ఇలాంటి తల్లి ఉందని నాకెప్పుడూ తెలియదు. తల్లి పడ్డ కష్టం కళ్లారా చూసినవాడు ఇంకాస్త మెత్తగా ఉండాల్సింది కదా అనిపించింది. ఇది చరిత్రకారుల మాట కాదు, నా మాట.

ఆ వారం మా చర్చ ఇంగ్లండు వదిలి మన ఇళ్లలోకి వచ్చేసింది. మన పాత ధర్మశాస్త్రం స్త్రీధనం ఆడదానిదేనంది. ఆ మేరకి లారా కంటే మన ముత్తవ్వలే నయం. అయితే కరువులోనో, రోగంలోనో భర్త దాన్ని వాడుకుంటే తిరిగి ఇవ్వక్కర్లేదని కూడా మితాక్షర చెప్పింది. కరువులకి మనకి కొదవేముంది? ఇక పొలమూ ఇల్లూ సంగతైతే, ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి కొడుకుతో సమానమైన వాటా మన రాష్ట్రం 1986లో చట్టం చేస్తే గానీ రాలేదు. అదీ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని వాళ్లకే.

"నాది 1984 పెళ్లి," అంది మూడో అంతస్తు అక్క. అంతకు మించి ఏమీ అనలేదు. 2005లో కేంద్రం చట్టం మార్చేనాటికి వాళ్లింట్లో పంపకాలు ఎప్పుడో రిజిస్ట్రీ అయిపోయాయట.

పెద్దమ్మగారు ఇంకో సంగతి చెప్పారు. భర్త ఎల్‌ఐసీ పాలసీ తీసుకుంటూ పెళ్లయిన స్త్రీల ఆస్తి చట్టం కింద అని రాయిస్తే, ఆ డబ్బు భార్యాపిల్లలదే అవుతుంది, అతని అప్పులవాళ్లు ముట్టుకోలేరు. ఆ చట్టం 1874 నాటిది. ఇంగ్లండు చట్టం వచ్చిన నాలుగేళ్లకే ఇక్కడా వచ్చింది గానీ హిందువులకి వర్తించలేదు. ఆ ఇన్సూరెన్సు సెక్షన్ ఒక్కటీ తర్వాత మనకీ వచ్చింది, దేశంలో అందరికంటే ముందు మద్రాసులో, 1913 చివరి తేదీ తర్వాత తీసుకున్న పాలసీలకి. అప్పుడు మన కోస్తా, సీమ జిల్లాలు మద్రాసులోనే కదా. మీ ఇంట్లో పాలసీ ఉంటే ఓసారి తీసి చూసుకోండి.

మళ్లీ నవలకి వస్తాను. మాలో పెద్ద వాదన మేరియన్ దగ్గర జరిగింది. అందగత్తె కాదు, డబ్బు లేదు, బుర్ర మాత్రం పాదరసం. భారీ గౌను విప్పేసి, నల్లటి దుప్పటి కప్పుకుని, వర్షంలో వసారా కప్పు మీద కూర్చుని కుట్ర విన్న ధీశాలి. ఆమెని పెళ్లి చేసుకుంటామని మగవాళ్లు కాలిన్స్‌కి ఉత్తరాలు రాశారట కూడా. ఆ తడుపుకి జ్వరంతో పడిపోతే, ఫాస్కో వచ్చి ఆమె డైరీ అంతా చదివి, చివర్లో తన చేత్తో మెచ్చుకోలు రాసి పోతాడు. నవలంతటిలో నాకు నిజంగా భయం వేసింది అక్కడే.

"అంత తెలివైన మేరియన్‌ని చివరికి చెల్లెలి పిల్లాణ్ణి ఆడించే పెద్దమ్మని చేశాడు. అదేం న్యాయం?" అంది కొత్త పెళ్లికూతురు.

"న్యాయం సంగతి అడుగుతున్నావా?" అన్నారు పెద్దమ్మగారు. "ఈ కథ ఎవరెవరు చెప్పారో లెక్కపెట్టు."

కాలిన్స్ లా చదివినవాడు. అందుకని కోర్టులో సాక్షులు చెప్పినట్టు ఒక్కో భాగం ఒక్కొక్కరి నోట చెప్పించాడు. వాల్టర్, లాయరు, మేరియన్, బాబాయి, డాక్టరు, ఆఖరికి విలన్ కూడా. సమాధి రాయి మీది రాత కూడా ఒక సాక్ష్యమే. రాయడం రాని వంటమనిషి చెబుతుంటే ఎవరో రాసుకుని, కింద ఆమె చేత గుర్తు పెట్టించారు. అందరి వాంగ్మూలాలూ ఉన్నాయి. లారాది లేదు. ఆస్తి ఆమెది, పేరు ఆమెది, పిచ్చాసుపత్రిలో పడింది ఆమె. ఆమె తరఫున అందరూ మాట్లాడతారు. మేం వెనక్కి తిప్పి తిప్పి చూశాం. ఒక్క పేజీ కూడా దొరకలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్నగారు పోయిన ఏడాదికి అన్నయ్య ఒక దస్తావేజు తెచ్చాడు. రిజిస్ట్రార్ ఆఫీసులో జనం, ఉక్కపోత, పిల్లకి బడి వదిలే టైము. పెన్సిలుతో ఇంటూ మార్కులు పెట్టిన చోటల్లా సంతకం పెట్టి, వేలిముద్ర వేసి వచ్చేశాను. మా అన్నయ్య పెర్సివల్ కాదు. ఆ కాగితం ఎవరూ మడత కూడా పెట్టలేదు, నా ముందే తెరిచి ఉంది. నేనే చదవలేదు.

మొన్న ఫోన్ చేసి జిరాక్సు పంపమని అడిగాను. "ఇప్పుడెందుకే?" అన్నాడు. ఊరికే అన్నాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు పంపాడు. పదకొండు పేజీలు. నా వాటా నాకు పెళ్లిలో పసుపు కుంకుమ కింద ముట్టిందని, ఇకమీదట నాకు ఏ హక్కూ లేదని, నా ఇష్టప్రకారమే, పూర్తిగా చదివించుకుని విని ఒప్పుకున్నానని నా నోటితో రాసి ఉంది. చదివి ఉంటే పెట్టేదాన్ని కాదా? బహుశా పెట్టేదాన్నే. వదినకీ అమ్మకీ ఎదురు చెప్పేంత ధైర్యం నాకు అప్పుడు లేదు, ఇప్పుడూ ఎంత ఉందో తెలియదు. అయినా ఆ "చదివించుకుని విని" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఆ కాగితాల్ని బీరువాలో పట్టుచీరల అడుగున పెట్టాను.

వచ్చే శనివారం నుంచి 'రెబెకా' మొదలుపెడుతున్నాం. డాఫ్నీ డ్యూ మారియే 1938లో రాసిన నవల. అందులో కథంతా చెప్పే అమ్మాయికి పుస్తకం అయిపోయేదాకా పేరే ఉండదట. పెద్దమ్మగారు ముందే చెప్పేశారు. మూడో అంతస్తు అక్క మాత్రం ఇందులోనైనా దయ్యం ఉందా లేదా అని అడుగుతోంది.