రోడ్డు పక్క చవక బస: మోటెల్ పుట్టుపూర్వోత్తరాలు

కారులో దూరప్రయాణం చేసేవారు తక్కువ ఖర్చుతో రాత్రి గడిపే మోటెల్ అమెరికాలో పుట్టింది. 1920ల దాకా అక్కడి హోటళ్లు ఎక్కువగా ఊరి నడిబొడ్డున, రైల్వేస్టేషన్ల దగ్గర ఉండేవి. దుమ్ము కొట్టుకుపోయిన బట్టలతో కారు దిగినవారికి ఆ హోటళ్ల హంగులూ, సామాను మోసేవారికి ఇవ్వాల్సిన టిప్పులూ ఇబ్బందిగా ఉండేవి. చాలామంది ఊరి బయట గుడారం వేసుకునేవారు. వచ్చినవారు తమ అంగళ్లలో నాలుగు సరుకులు కొంటారన్న ఆశతో పలు పట్టణాలు ఉచితంగా స్థలం ఇచ్చాయి. తర్వాత అద్దె పెట్టాయి. గుడారాల చోట చెక్క గదులు లేచాయి.

మోటెల్ అన్న పేరు పెట్టుకున్న మొదటి బస 1925 డిసెంబరు 12న కాలిఫోర్నియాలోని సాన్ లూయిస్ ఒబిస్పోలో తెరుచుకుంది. కట్టించినవాడు ఆర్థర్ హైన్‌మన్ అనే ఆర్కిటెక్టు. లాస్ ఏంజెలిస్, శాన్‌ఫ్రాన్సిస్కోలకు ఇంచుమించు నడిమధ్య ఊరది. రాత్రికి అద్దె డాలరుంపావు.

1930ల ఆర్థికమాంద్యంలోనూ ఈ వ్యాపారం పెరిగింది. రోడ్డు వారగా కాస్త స్థలముంటే చాలు, భార్యాభర్తలిద్దరే నాలుగైదు గదులు నడుపుకోగలిగేవారు. చిక్కల్లా నమ్మకంతోనే. బోర్డు చూసి లోపలి పరుపు ఎలా ఉందో చెప్పలేం గనుక, ముందు గది చూసి, నచ్చితేనే డబ్బు కట్టేవారు. ఇలాంటి బసలు నేరస్థుల స్థావరాలని ఎఫ్‌బీఐ అధిపతి ఎడ్గార్ హూవర్ 1940లో ఒక పత్రికలో ఘాటుగా రాశాడు. నల్లజాతివారి ఇబ్బంది ఇంతకన్నా దారుణం: డబ్బున్నా చాలాచోట్ల గది ఇచ్చేవారు కాదు. తమను రానిచ్చే బసల జాబితాగా విక్టర్ గ్రీన్ 1936 నుంచి వెలువరించిన ‘గ్రీన్ బుక్’ వారికి ఆధారమైంది. అట్లాంటాలోని ఒక మోటెల్ వేసిన దావాలో, ఈ వివక్ష చెల్లదని సుప్రీంకోర్టు 1964లో తీర్పునిచ్చింది.

అద్దె ముందే తెలిసే పద్ధతి రావడానికి ఒక తండ్రి కోపం కారణం. మెంఫిస్‌కు చెందిన కెమన్స్ విల్సన్ 1951లో కుటుంబంతో వాషింగ్టన్ వెళ్తుంటే, దారిలో గది అద్దె కాక పిల్లలకు తలకు రెండేసి డాలర్లు అడిగారు. పిల్లలేమో ఐదుగురు! మరుసటి ఏడే ఆయన మెంఫిస్‌లో మొదటి హాలిడే ఇన్ తెరిచాడు. తల్లిదండ్రుల గదిలో ఉండే పిల్లలకు అద్దె లేదు. ఏ ఊళ్లో దిగినా గది ఒకేలా ఉంటుందన్న భరోసా దాని బలం.

భరోసాతో పాటు హంగులు, వాటితో ధరా పెరిగాయి. 1962లో శాంటా బార్బరాలో మొదలైన మోటెల్ 6 హంగులు తీసేసి, ఆరు డాలర్ల అద్దెనే పేరులో పెట్టుకుంది. టీవీ చూడాలంటే నాణెం వేయాల్సి వచ్చేది. 1956 చట్టంతో వచ్చిన ఇంటర్‌స్టేట్ రహదారులు ఇలాంటి గొలుసు సంస్థలకు కలిసొచ్చాయి. పాత రోడ్ల మీది సొంత మోటెళ్లలో చాలావాటికి గిరాకీ పడిపోయింది.

అలా చవకగా అమ్మకానికి వచ్చినవాటిని 1970ల నుంచి గుజరాతీ కుటుంబాలు, ముఖ్యంగా పటేళ్లు, కొన్నారు. అక్కడే కాపురముంటూ, దుప్పట్లు ఉతకడం నుంచి కౌంటరు దాకా ఇంటిల్లిపాదీ చేసుకోవడంతో జీతాల ఖర్చు మిగిలింది, అద్దె తక్కువకే ఇవ్వగలిగారు. ఈ యజమానుల్లో కొందరు 1989లో ఏర్పరచిన సంఘం, నేడు అమెరికా హోటళ్లలో సగానికి పైగా తమ సభ్యులవేనని చెబుతోంది.