గుడ్డకూ మూలమట్టం

క్విల్టు కుట్టడం నేర్చుకుందామని వెళ్లినవాళ్ల చేతికి మొదటిరోజే సూది ఇవ్వరు. కొత్తగా కొన్న గుడ్డను ఇస్త్రీ చేయించి, మడత పెట్టించి, దాని కొసనుంచి సన్నటి పేలిక ఒకటి కోయించి పక్కన పడేయిస్తారు. డబ్బు పెట్టి కొన్న బట్టలో తొలి కోత చెత్తబుట్టకే పోతుంది. తాపీమేస్త్రి గోడ లేపే ముందు మూలమట్టం పెట్టి చూసుకుంటాడే, ఇదీ ఆ పనే. ఆ పేలిక పోయాక గుడ్డ మడతకూ కోసిన కొసకూ మధ్య నికరమైన తొంభై డిగ్రీల మూల వస్తుంది. క్విల్టు కుట్టేవాళ్లు దీన్ని స్క్వేరింగ్ అప్ అంటారు.

ఈ అలవాటు అమ్మమ్మల కాలంనుంచీ ఉన్నదేమో అనిపిస్తుంది గానీ, కాదు. ముక్కలు అతికి దుప్పటి కుట్టే విద్యకు వందల ఏళ్ల వయసుంది. స్కేలు ఆనించి మూల సరిచేసుకునే ఈ తొలి కోత మాత్రం 1979లో జపాన్‌లో తయారైన ఒక చిన్న చక్రం పుణ్యాన ఇంటింటికీ చేరింది. అంతకుముందు ముక్క కొలత తప్పకుండా కాపు కాసిన పని ఒకప్పుడు కాగితానిది, మరొకప్పుడు అట్టముక్కది, ఇంకొకప్పుడు నూలుపోగుది.

వంకర ఎక్కడ పుడుతుంది?

మగ్గం తప్పేమీ లేదు. నిలువునా బిగించిన పడుగును అడ్డంగా పేక దాటుతుంది. మగ్గం మీద ఉన్నంతసేపూ ఆ రెండూ ఒకదానికొకటి నిటారుగానే ఉంటాయి. చిక్కంతా గుడ్డ మగ్గం దిగాక మొదలవుతుంది. తెల్లబరచడం, అద్దకం, ప్రింటింగ్, గంజి, ఆరబెట్టడం వరసగా జరుగుతాయి. ప్రతిచోటా తడిగుడ్డను పొడవునా లాగుతూనే ఉంటారు. దాంతో పేక పోగులు మధ్యలో విల్లులా వంగవచ్చు, లేదా ఒక అంచున ముందుకీ రెండో అంచున వెనక్కీ జరిగి ఏటవాలు కావచ్చు.

దీన్ని సరిచేయడానికి మిల్లుల్లో స్టెంటర్ అనే పెద్ద యంత్రం ఉంటుంది. రెండు అంచులనూ పిన్నులతోనో క్లిప్పులతోనో పట్టుకుని, గుడ్డను పన్నాకు సాగదీస్తూ వేడిగాలిలోంచి నడిపిస్తుంది. దీని పూర్వీకులు ఇంగ్లండ్ పల్లెల్లో ఉండేవి. ఉన్నిబట్టను నీళ్లలో దట్టించాక, ముడుచుకుపోకుండా ఆరుబయట చెక్క చట్రాలకు కొక్కేలతో బిగించి ఆరబెట్టేవారు. కొక్కెం పోయి క్లిప్పు వచ్చినా, రెండు అంచులూ సరిసమానంగా కదలకపోతే ఆ వంకర గుడ్డలో అలాగే గట్టిపడిపోతుంది.

ఆపైన తానుగా చుట్టేటప్పుడు నడుమ మడత పెడతారు. ఆ మడత పడుగు వెంటే పడిందన్న నమ్మకం లేదు. కొట్లో కత్తెరతో కోసిన కొస సరేసరి. ఇంటికొచ్చిన గుడ్డలో మడత, కొస, పోగు మూడూ మూడు దారుల్లో ఉంటే ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు.

కాగితం కాపు కాసిన రోజులు

బ్రిటన్‌లో తేదీతో దొరికిన అతుకుల దుప్పట్లలో అతి పాతది 1718 నాటి పట్టు కవర్‌లెట్. అక్కడి క్విల్టర్స్ గిల్డ్ దాన్ని భద్రపరిచింది. దాని వెనకవైపు, కుట్టేటప్పుడు వాడిన కాగితపు ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. పద్ధతి తేలికే. కావలసిన ఆకారంలో కాగితం కోసి, దానిమీద గుడ్డముక్క పరిచి, అంచులు వెనక్కి మడిచి, కాగితంతో కలిపి టాకాలు వేయాలి. అలా తయారైన ముక్కల్ని అంచుకు అంచు ఆనించి కలుపుతారు. లోపల గుడ్డ అంచు ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా ఫరవాలేదు. కొలత గుడ్డలో లేదు, కాగితంలో ఉంది.

అదే శతాబ్దంలో మన కోస్తా బట్టకూ ఈ కథలో చోటు దొరికింది. మచిలీపట్నంతో సహా కోరమాండల్ తీరంనుంచి ఓడలెక్కిన కలంకారీ, అద్దకపు నూలుబట్టలు ఇంగ్లండ్‌లో ఎంత మోజు రేపాయంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల ఒత్తిడికి పార్లమెంటు 1700లో దిగుమతికీ, 1721లో వాడకానికీ అడ్డుకట్ట వేసింది. రెండో చట్టం 1774లో గానీ రద్దు కాలేదు. దొరికిన చీటీబట్టలోంచి పూలనూ పిట్టలనూ చుట్టూ కత్తిరించి, సాదాగుడ్డ మీద అతికి కుట్టే పద్ధతి ఒకటి అక్కడ బాగా వాడుకలోకి వచ్చింది. అందులోనూ మూలల గొడవ లేదు. పువ్వు రేఖ ఎటు పోతే కత్తెర అటు పోతుంది.

కుట్టు పరుగెత్తింది, కత్తెర నడిచింది

ఎలియాస్ హోవ్ 1846లో, ఐజాక్ సింగర్ 1851లో కుట్టుమిషన్లకు పేటెంట్లు తీసుకున్నారు. 1850లలోనే సింగర్ కంపెనీ వాయిదాల మీద మిషన్లు అమ్మడంతో అవి అమెరికాలో మామూలు ఇళ్లకూ చేరాయి. కత్తిరింపులో ఆ వేగం మొదట ఫ్యాక్టరీలకే దక్కింది. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో జాన్ బారన్ అనే దుస్తుల తయారీదారు 1850ల చివర్లో, కలప కోసే బ్యాండ్ రంపం తరహాలో బట్టకోసే యంత్రం పెట్టాడు. పొరలు పొరలుగా పేర్చిన బట్ట ఒక్క కోతలో తెగేది.

ఇంట్లో క్విల్టు కుట్టే ఆవిడకు మాత్రం కత్తెరే గతి. రేకుతోనో అట్టతోనో చేసుకున్న నమూనాను గుడ్డ వెనకవైపు పెట్టి, పెన్సిలుతో చుట్టూ గీసి, ఒక్కో ముక్కనూ విడిగా కోసేది. దుప్పటికి వందల ముక్కలు కావాలి. కాన్సస్ సిటీ స్టార్ పత్రిక 1928నుంచి 1961 దాకా ప్రచురించిన నమూనాలను పాఠకులు కత్తిరించి దాచుకున్నది ఈ పనికే.

చేత్తో కుట్టేవారికి ఆ పెన్సిలు గీతే కుట్టుదారి. గీత బయట కుట్టుకోసం వదిలిన గుడ్డ కాస్త ఎక్కువైనా తక్కువైనా ఇబ్బంది లేదు. సూది గీత వెంట పోతుంది గనక ముక్క కొలత చెడదు. తాను వంకరగా ఉన్నా సరే, అట్టముక్క ఒక పక్కను పోగు దిశకు కలిపి పెట్టుకుంటే సరిపోయేది. తానంతటినీ ముందే మూలకు తేవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

పోగు చూపిన దారి

సాదా నేత గుడ్డకు అంచున చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగితే పోగు వెంట బర్రున చిరుగుతుంది. మన బట్టలకొట్లలో లైనింగు గుడ్డ, లంగాగుడ్డ ఇప్పటికీ అలాగే చించి ఇస్తారు. కత్తెరకు దారి తప్పే వీలుంది, చిరుగుకు లేదు. ఇంకాస్త ఓపికుంటే ఒక పేక పోగును పట్టి మెల్లగా లాగుతారు. పోగు జారినచోట గుడ్డలో సన్నటి గీత కనబడుతుంది, దాని వెంట కోస్తారు. ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ కుట్టు పుస్తకాలు గుడ్డ సరిచేయడమంటే ఇదే నేర్పాయి: పోగు తీసి కొస సరిచెయ్యి, తర్వాత గుడ్డను క్రాసుగా పట్టుకుని లాగి పోగుల్ని నిటారు చెయ్యి.

తడిపి, లాగి సరిచేసే ఈ పద్ధతికి మిల్లు ఫినిషింగే అడ్డుపడింది. ఇస్త్రీ అక్కర్లేదంటూ రెసిన్ పూతలతో నూలుబట్టలు మార్కెట్‌ను నింపాక, పోగులు ఏ వంకరలో ఉన్నాయో ఆ వంకరలోనే బిగుసుకుపోయాయి. ఎంత లాగినా కదలవు. చించడానికీ ఇబ్బంది ఉంది. చిరిగిన అంచు పక్కన పోగులు సాగి, అలలు తేలి, కొలత చెడుతుంది. దుస్తులకు అది మార్జిన్లో కలిసిపోతుంది. పావు అంగుళం మార్జిన్‌తో కుట్టే క్విల్టుకు అంత వెసులుబాటు లేదు.

ఈలోగా ఫ్లోరిడాలో సెమినోల్ తెగ స్త్రీలు ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో చేతిమిషన్ల మీద మరో దారి తొక్కారు. ముక్కలు కోసి అతకడానికి బదులు రంగురంగుల పొడవాటి పట్టీలు కలిపి కుట్టి, ఆ కుట్టినదాన్ని అడ్డంగా కోసి, జరిపి, మళ్లీ కుట్టేవారు. ముందు కుట్టు, తర్వాత కోత. క్విల్టు లోకం ఈ తర్కాన్ని పూర్తిగా అందిపుచ్చుకోవడానికి 1970లు రావాలి.

చక్రం వచ్చింది

1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం పాత క్విల్టులను గోడలకు చిత్రాల్లా వేలాడదీసి ప్రదర్శించింది. 1976లో అమెరికా స్వాతంత్ర్యానికి 200 ఏళ్లు నిండిన సంబరాలు పాతకాలపు చేతిపనుల మీద మోజు పెంచాయి. కొత్తగా కుట్టాలనుకున్నవాళ్లకు ఉత్సాహం ఉంది, తీరిక లేదు. బార్బరా జొహానా 1976లో త్వరగా కుట్టే పద్ధతులతో పుస్తకం తెచ్చింది. ఎలీనర్ బర్న్స్ 1978లో లాగ్ కేబిన్ నమూనా క్విల్టు ఒక్క రోజులో కుట్టవచ్చంటూ పుస్తకం వేసింది. అందరి కిటుకూ ఒకటే: విడి ముక్కలు వద్దు, పట్టీలు కావాలి. పట్టీలు త్వరగా, సూటిగా కోసే పనిముట్టు మాత్రం ఇంకా లేదు.

అది ఒసాకానుంచి వచ్చింది. యోషియో ఒకాడా 1956లో, మొన అరిగితే ముక్క విరిచి పారేసే కట్టర్ కనిపెట్టాడు. ఇప్పుడు మన ఆఫీసుల్లో, అట్టపెట్టెల దగ్గర కనబడే కట్టర్లన్నీ దాని సంతతే. ఆయన పెట్టిన ఓల్ఫా కంపెనీ 1979లో గుండ్రటి బ్లేడు ఉన్న రోటరీ కట్టర్ విడుదల చేసింది. ఉద్దేశించింది దుస్తులు కుట్టేవాళ్ల కోసం, తలకెత్తుకున్నది క్విల్టు కుట్టేవాళ్లు. కోతకు పడిన గాటు తనంతట పూడుకుపోయే మ్యాట్, అంగుళాల గళ్లు గీసిన పారదర్శకమైన అక్రిలిక్ స్కేలు దానికి తోడయ్యాయి. 1980లు ముగిసేసరికి చాలామంది బల్లల మీద అట్టముక్కల జాగా ఈ మూడూ ఆక్రమించాయి.

స్కేలు పొడవు 24 అంగుళాలే ఎందుకంటే, క్విల్టు బట్ట పన్నా 42నుంచి 44 అంగుళాలు. నడిమికి మడిస్తే 21, 22 అవుతుంది. ఒక్క స్కేలు ఈ కొసనుంచి ఆ కొసకు అందుతుంది.

ఇక్కడే లెక్క తిరగబడింది. అట్టముక్కతోపాటు పెన్సిలు గీతా పోయింది. మిషన్ పాదం ఇప్పుడు గీత వెంట పోదు, కోసిన అంచును ఆనుకుని పావు అంగుళం ఎడంగా పోతుంది. అంటే కోసిన అంచే కొలత. కాగితం, పెన్సిలు మోసిన బరువంతా ఆ అంచు మీద పడింది. రెండంగుళాల చదరం కావాలంటే రెండున్నర అంగుళాల పట్టీ కోయాలి. ఒక్కో ముక్కలో అంగుళంలో పదహారో వంతు తేడా వచ్చినా, పదహారు ముక్కల వరసకు ఒక అంగుళం అటూ ఇటూ అవుతుంది. పక్క వరసతో అది కలవదు.

మూల తప్పితే ఇంకా ఘోరం. స్కేలు మడతకు ఒక్క డిగ్రీ ఓరగా ఉందనుకోండి. 21 అంగుళాల దూరంలో కోత అంగుళంలో మూడో వంతు పైచిలుకు పక్కకు పోతుంది. మడత విప్పితే రెండు సగాలూ ఎదురెదురుగా వాలి, పట్టీ నడుమ మోచేయిలా వంగి ఉంటుంది. క్విల్టు కుట్టేవాళ్లు దీన్నే వీ అంటారు. ఒక్కోసారి పట్టీ వెడల్పు కొలిస్తే సరిగానే ఉంటుంది, విప్పిచూస్తే గానీ తప్పు బయటపడదు. ఆ సన్నటి పేలికను బలివ్వడం ఈ మోచేయి రాకుండా ఉండటానికే.

బల్ల మీద ఏం చేస్తారు?

ఇస్త్రీ చేసిన గుడ్డను రెండు అంచులూ కలిపి ఎత్తి పట్టుకుంటారు. కింద మడత దగ్గర ముడతలు మెలితిరిగి కనబడితే పోగు ఓరగా ఉన్నట్టు. అప్పుడు ఒక అంచును కుడికో ఎడమకో కొద్దికొద్దిగా జరుపుతారు. మడత ఏ మెలికా లేకుండా సాఫీగా వేలాడినప్పుడు ఆపేస్తారు. పక్కన కోత కొసలు కలవకపోవచ్చు, పట్టించుకోరు. ఎలాగూ కోసేసేవే.

తర్వాత మడత తమవైపు వచ్చేలా మ్యాట్ మీద పరుస్తారు. చిన్న చదరపు స్కేలు గీతను మడత మీద కూర్చోబెట్టి, దాని పక్కనే పొడవు స్కేలు ఆనించి, చిన్నదాన్ని తీసేస్తారు. అరచేత్తో స్కేలు అదిమిపట్టి, కట్టర్‌ను ఒంటికి ఎదురుగా కాక అవతలికి నడిపిస్తారు. పేలిక ఊడుతుంది, కొత్త అంచు వస్తుంది. నాలుగైదు పట్టీలకోసారి స్కేలును మళ్లీ మడతకు ఆనించి చూసుకోవాలి. ప్రతి కోతలోనూ వెంట్రుకవాసి జరుగుతూ, చివరికి మూల తప్పుతుంది.

గమనిస్తే, ఇంత సరంజామాలోనూ మొదటి తీర్పు స్కేలుది కాదు. మడత సాఫీగా వేలాడిందా లేదా అని కంటితో చూసి తేల్చేది పోగు దిశనే.

మూలమట్టం అక్కర్లేని దుప్పట్లు

అలబామాలో నది మలుపున ఉన్న గీస్ బెండ్ నల్లజాతి స్త్రీలు పాత పనిబట్టలు కోసీ చించీ కుట్టిన క్విల్టులు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, అదే ఏడాది విట్నీలో ప్రదర్శనకు వచ్చాయి. 2006లో అమెరికా తపాలాశాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. వాటిలో గీతలు ఒరుగుతాయి, పట్టీలు సన్నబడి మళ్లీ వెడల్పవుతాయి. కళ్లతో తూచి కోసినవి అవి. ఒక ముక్క పొట్టిదైతే మరో పేలిక అతికారు.

మన బొంతదీ అదే దారి. పాతచీరను మడతలు వేసి, పొరలు పరిచి, వరస కుట్లు వేస్తారు. ఎన్నో ఉతుకులు తిన్న చీరలో పోగు ఇక కదలదు. రెండు పక్కలా నేతగాడు ఇచ్చిన అంచు ఉండనే ఉంది. అక్కడ స్కేలుకు పనేముంది?

కాబట్టి మూల సరిచేసుకోవడమన్నది గుడ్డ పెట్టిన నియమం కాదు, పట్టీల పద్ధతి పెట్టిన షరతు. చేత్తో కాగితం మీద కుట్టేవాళ్లు, పువ్వులు కత్తిరించి అతికేవాళ్లు, బొంత కుట్టేవాళ్లు దాన్ని నిశ్చింతగా వదిలేయవచ్చు. రోటరీ కట్టర్ పట్టి, పట్టీలు కోసి, ఆదివారం సాయంత్రానికి దుప్పటి పైపొర పూర్తిచేయాలనుకునేవాళ్లు మాత్రం ఆ పేలికను ముందే కోసి పారేయాలి. అక్కడ పిసినారితనం చూపిస్తే, మిగిల్చిన అరంగుళానికి బదులు కుట్లన్నీ విప్పుకోవాల్సి వస్తుంది.