ఎనిమిది చిత్రాల కెమెరా

కువైట్ నగరానికి పడమటి దిక్కున, జహ్రా గవర్నరేట్‌లో ఉన్న అమ్ఘరా పాత ఇనుముకు పేరుపడిన చోటు. తుక్కు గుట్టలు, కలప అడితులు, చుట్టూ చదునైన ఎడారి. ఇటువంటి చోట మీడియం ఫార్మాట్ రేంజ్‌ఫైండర్ కెమెరా పట్టుకొని నిలబడితే అది ఏ మేరకు పనికొస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం ఆ కెమెరా చరిత్రలోనే ఉంది. నేడు అభిరుచి గలవారు అపురూపంగా దాచుకొనే ఈ యంత్రపు పరిణత రూపం, కూలికి ఫోటోలు తీసేవారి అవసరాల నుంచి పుట్టింది.

ఇందులో వాడే 120 ఫిల్ము తెలుగువారికి కొత్త కాదు. కొడాక్ సంస్థ 1901లో ప్రవేశపెట్టిన ఈ ఫిల్ము వెడల్పు దాదాపు ఆరు సెంటీమీటర్లు. వెనుక నల్లటి కాగితం, దానిపై అంకెలు. మన ఊళ్ళ స్టూడియోలలో యాషికా, రోలీఫ్లెక్స్ వంటి జంట కటకాల కెమెరాలకూ, బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ డబ్బా కెమెరాకూ ఇదే ఫిల్ము. జంట కటకాల కెమెరాలో తల వంచి చూస్తే, కుడిఎడమలు తారుమారైనా, గరుకు గాజుపై బొమ్మ కనబడుతుంది. రేంజ్‌ఫైండర్‌లో అదీ లేదు. ఫోటోగ్రాఫరు చూసేది ఒక కిటికీలోంచి, ఫిల్ము చూసేది కటకంలోంచి. రెండింటికీ మధ్య ఉన్న బంధం కేవలం దూరపు లెక్క.

ఆ లెక్క యుద్ధరంగం నుంచి వచ్చింది. గ్లాస్గోకు చెందిన బార్ అండ్ స్ట్రౌడ్ సంస్థ 1888 నుంచి సైన్యం కోసం దూరమాపకాలు చేసింది. రెండు కిటికీల నుంచి వచ్చిన రెండు బింబాలను ఒకదానిపై ఒకటి సరిపెడితే త్రిభుజ సూత్రం దూరాన్ని చెబుతుంది. దీనిని కటకంతో తొలిసారి జతచేసింది కొడాక్ 1916లో, 3ఎ ఆటోగ్రాఫిక్ స్పెషల్‌లో. 1934లో జర్మనీ నుంచి జైస్ ఐకాన్ వారి సూపర్ ఐకోంటా వచ్చింది. మడిస్తే కోటు జేబులో పట్టే కెమెరా అది. 1940 నాటి జపాను మామియా సిక్స్ మరో దారి తొక్కింది: కటకం కదలదు, వెనుక ఫిల్మే ముందుకూ వెనక్కూ జరుగుతుంది. యుద్ధానంతరం సోవియట్ మాస్క్వా కెమెరాలు సూపర్ ఐకోంటా అచ్చులోనే వచ్చాయి.

అసలు మలుపు ఫూజీది. 1968లో కటకాలు మార్చుకొనే జి690, 1978లో 90 మిల్లీమీటర్ల కటకం శాశ్వతంగా బిగించిన జిడబ్ల్యు690. ఆకారంలో పెద్ద లైకాలా ఉంటుంది కనుక హాస్యానికి ‘టెక్సస్ లైకా’ అన్నారు. బరువు ఒకటిన్నర కిలో. బ్యాటరీ లేదు, వెలుతురు కొలిచే మీటరు లేదు. జపానులో యాత్రాస్థలాలకు బస్సుల్లో వచ్చే బృందాలను వరుసల్లో నిలబెట్టి గ్రూపు ఫోటోలు తీసేవారు దీనిని విస్తృతంగా వాడారు. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. నెగెటివ్ సుమారు 56 × 84 మిల్లీమీటర్లు. మామూలు 35 ఎం.ఎం. నెగెటివ్‌కు ఐదు రెట్లకు పైగా వైశాల్యం. వరుసకు పదిమంది చొప్పున నలభైమందిని నిలబెడితే ఒక్కో ముఖానికి ఇందులో రెండున్నర మిల్లీమీటర్ల చోటు దక్కుతుంది. 35 ఎం.ఎం.లో అది ఒక మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. గ్రూపు ఫోటోలో చివరి వరుస మనిషి కూడా తన డబ్బుకు తన ముఖం కావాలంటాడు. కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో కువైట్ వెళ్ళి, తోటివారితో దిగిన ఫోటోను ఇంటికి పంపే మనిషి అడిగేదీ అంతే.

ఈ ఫూజీ కెమెరా అడుగున ఒక లెక్క యంత్రం ఉంటుంది. పది సార్లు మీట నొక్కితే ఒక అంకె తిరుగుతుంది. షట్టరును ఎప్పుడు మరమ్మతుకు పంపాలో తెలియడానికి పెట్టినది. పాత లారీ కొనేవాడు కిలోమీటర్లు చూసినట్టు, పాత కెమెరా కొనేవాడు దీనిని చూస్తాడు. కళాఖండాలకు ఇటువంటివి బిగించరు.

అమ్ఘరా వంటి చోట ఈ పనితనం స్పష్టమవుతుంది. రేంజ్‌ఫైండర్‌కు నిలువు గీత కావాలి. ఇనుప గొట్టం అంచో, తలుపు అంచో దొరికితే రెండు బింబాలు క్షణంలో కలుస్తాయి. గుట్టలు దాటి ఇసుక వైపు తిరిగితే కలపడానికి ఏమీ ఉండదు. వేడి గాలి వణికితే దూరపు బింబాలూ వణుకుతాయి. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదయ్యాయి. అటువంటి ఎండలో కారులో మరచిన ఫిల్ము రంగులు చెడతాయి. నడినెత్తిన సూర్యుడుంటే టోపీ కింద ముఖం నల్లబడుతుంది. ఇక్కడ కటకంలోనే ఇమిడిన లీఫ్ షట్టరు ఆదుకొంటుంది. సెకనులో 500వ వంతు వేగంలోనూ ఫ్లాష్ పనిచేస్తుంది. అద్దం ఉన్న పెంటాక్స్ 67లో ఆ హద్దు 30వ వంతు మాత్రమే. దుమ్ము మాత్రం ఎవరినీ వదలదు. ఒక్క రేణువు లోపల చేరితే ఫిల్ము తిరిగిన దిశలో నిలువునా గీత పడుతుంది.

మరో ప్రమాదం కటకపు మూత. మూత తీయకపోయినా కిటికీలో లోకం నిర్మలంగానే కనబడుతుంది, షట్టరు మోగుతుంది, నలభైమంది నవ్వుతారు. ఫిల్ము కడిగిన తర్వాత గాని సంగతి బయటపడదు.

120 చుట్టలో ఈ కెమెరాకు వచ్చేవి ఎనిమిది చిత్రాలే. ప్రతి చిత్రానికీ మీటను రెండుసార్లు లాగాలి. ఎవరో కళ్ళు మూశారన్న అనుమానంతో ఇంకొకటి తీస్తే మిగిలిన వాటిలో ఒకటి తగ్గుతుంది. అందుకే కూలికి తీసేవాడు ముందు మనుషులను సర్దుతాడు, పొడవైనవారిని వెనక్కి పంపుతాడు, ఆ తర్వాతే మీటపై వేలు వేస్తాడు. ఎనిమిదోది అయ్యాక చుట్టను నీడలో బయటికి తీసి, కాగితపు పట్టీని నాలుకతో తడిపి అంటించి, దానిపై తేదీ రాస్తాడు.